పూర్వగృహంలోని అజ్ఞాత చిహ్నాలు: జిజ్ఞాసువు కర్తవ్యం

గోదావరీ కృష్ణా తీరాలలో నూరేళ్ళు దాటిన మండువా లోగిళ్ళు ఇప్పటికీ అక్కడక్కడ నిలిచి ఉన్నవి. వాటిలో అనేకం తాళం వేసి ఉన్నవి. వారసులు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, సముద్రాల ఆవలి దేశాలలోనో స్థిరపడినవారు. సంక్రాంతికో, ఆబ్దికానికో, లేక విక్రయపత్రం మీద సంతకాలు చేయడానికో వచ్చి తలుపు తెరిచినప్పుడు వారికి సమాధానం లేని ప్రశ్నలు ఎన్నో ఎదురవుతాయి. దూలానికి నాలుగు ఇనుప కొండీలు వేలాడుతుంటాయి. గోడలో చిన్న గూడు ఉంటుంది, దాని పైభాగమంతా మసి. పడమటింటి మూల గోడకు పసుపు పూత, దానిమీద నల్లబడిన కుంకుమ చుక్కలు. సింహద్వారపు గడప కదిలిస్తే దాని అడుగున మూత బిగించిన రాగి చెంబు. రాయలసీమ, తెలంగాణ పల్లెలలోని పాత ఇళ్ళలో అయితే ఒక్కొక్కచోట కాలు మోపినప్పుడు నేల బోలుగా ధ్వనిస్తుంది. ఇవన్నీ ఏమిటని అడుగుదామంటే చెప్పగలిగినవారు లేరు. ఉన్నా, మంచం పట్టి ఉన్నారు.

ఇట్టి సందర్భంలో సాధారణంగా నాలుగు రకాల ప్రతిస్పందనలు కలుగుతాయి. మొదటిది భయం: ఎవరో ప్రయోగం చేశారు, ఇంటికి దోషం పట్టింది అనే శంక. రెండవది లోభం: కింద లంకెబిందెలు ఉన్నవేమో అనే ఆశ. మూడవది తిరస్కారం: ఇదంతా మూఢత్వం, పగులగొట్టి పారవేయండి అనే తొందర. నాలుగవది అత్యుత్సాహం; ఇది ఇటీవల ఆస్తికులలోనే ప్రబలినది. ప్రతి గూటికీ, ప్రతి గడపకూ ఒక విజ్ఞాన రహస్యాన్ని కల్పించి చరవాణి సందేశాలలో ప్రచారం చేయడం దీని లక్షణం. పైకి పరస్పర విరుద్ధాలుగా తోచే ఈ నాలుగింటికీ ఒక సమాన ధర్మం ఉన్నది. వస్తువును పరిశీలించక ముందే నిర్ణయం జరిగిపోయింది.

జైమిని మీమాంసా సూత్రాలలోనూ, బాదరాయణుని బ్రహ్మసూత్రాలలోనూ మొదటి సూత్రంలోనే జిజ్ఞాస అనే పదం కనిపిస్తుంది. ధర్మమైనా, బ్రహ్మమైనా తెలుసుకోవాలనే ఇచ్ఛతోనే విచారం ఆరంభమవుతుంది. పూర్వుల ఇంటిపట్ల గౌరవం ఉన్నవారు ఆ ఇంటి గోడల ముందు కూడా అదే క్రమాన్ని పాటించవలసి ఉన్నది. ప్రమాణపూర్వకంగా విచారించడమే అక్కడ నిజమైన ఆస్తిక్యం.

మసి చెప్పే సాక్ష్యం

పొగను చూసి నిప్పును ఊహించడం న్యాయశాస్త్రంలో అందరికీ తెలిసిన ఉదాహరణ. గోడ గూటిలో ఇప్పుడు నిప్పూ లేదు, పొగా లేదు; పొగ విడిచిపోయిన మసి మాత్రం ఉన్నది. కార్యాన్ని చూసి కారణాన్ని గ్రహించడాన్ని నైయాయికులు శేషవత్ అనుమానం అన్నారు. విద్యుత్తు రాక పూర్వం ఆముదపు దీపాన్ని గాలి తగలకుండా ఉంచడానికి గోడలోనే గూడు విడిచి కట్టేవారు. మసి పట్టిన గూడు సాధారణంగా ద్వారం పక్కనో, వంటింటి ప్రవేశంలోనో, అటక ఎక్కే మెట్ల దగ్గరనో ఉంటుంది. చీకటిలో మనిషి అడుగు ఎక్కడ తడబడుతుందో అక్కడ దీపం పెట్టారు. ఇది గ్రహించడానికి శాస్త్రపాండిత్యం అవసరం లేదు, ఒక రాత్రి దీపాలు ఆర్పి ఆ ఇంట్లో నడిచి చూస్తే చాలును.

దూలపు కొండీల విషయంలో అర్థాపత్తి అనే ప్రమాణం ఉపకరిస్తుంది. లావుగా ఉన్న దేవదత్తుడు పగలు భుజించడు. కనుక రాత్రి భుజిస్తూ ఉండాలి. కనిపిస్తున్న విషయం మరొక విధంగా పొసగనప్పుడు, దేనివలన పొసగుతుందో దానిని అంగీకరించడమే అర్థాపత్తి. మీమాంసకులూ అద్వైతులూ దీనిని ప్రత్యేక ప్రమాణంగా స్వీకరించారు. నైయాయికులు అనుమానంలోనే చేర్చారు. నాలుగు కొండీలు బల్ల పొడవు వెడల్పులకు సరిపోయే దూరంలో ఉండి, లోపలి అంచులు రాపిడికి సన్నబడి ఉంటే అక్కడ ఉయ్యాల బల్ల ఊగినట్లే. లోగదిలో ఒక్కటే కొండీ ఉంటే అది పసిబిడ్డ ఉయ్యాలకు. వంటింట్లో ఒక్కటే ఉంటే అది పాలూ పెరుగూ పెట్టిన ఉట్టికి. ఇనుము అరిగిన మేర ఎందరు శిశువులు అక్కడ నిద్రించారో లెక్కించలేకపోవచ్చు. అయినా ఆ అరుగుదల ఒక వంశచరిత్రే.

దృష్టం ఉండగా అదృష్ట కల్పన వద్దు

మీమాంసకులు ఇంకొక నియమాన్ని కూడా చెప్పారు. ఒక క్రియకు కంటికి కనిపించే ప్రయోజనం దొరుకుతూ ఉండగా కంటికి కనిపించని పుణ్యఫలాన్ని కల్పించడం న్యాయం కాదు. లోకవ్యవహారంలో అదృష్టమంటే భాగ్యమనే అర్థం స్థిరపడింది గాని, శాస్త్రంలో ఆ పదానికి ఇంద్రియగోచరం కాని ఫలమని అర్థం. యజ్ఞవిధులను వ్యాఖ్యానించినవారే ఈ మితవాక్కును తమకు తాము విధించుకొన్నారు. విశ్వజిత్ యాగానికి వేదంలో ఫలం చెప్పబడలేదు. అక్కడ వేరొక మార్గం లేనందున స్వర్గాన్ని ఫలంగా గ్రహించారు. మార్గం ఉన్నచోట అలా చేయలేదు.

ఈ నియమాన్ని పాత ఇంటికి అన్వయిస్తే అనేక కల్పనలు వాటంతట అవే రాలిపోతాయి. పొట్టి ద్వారబంధాన్ని చూపించి, ప్రవేశించేవారు వినయంతో తల వంచాలని పూర్వులు అలా కట్టించారని చెప్పడం పరిపాటి అయినది. కలప పొడవు, గోడ ఎత్తు, ఎండ వేడి, దొంగల భయం వంటి దృష్టకారణాలే దానికి చాలును. తల వంచినప్పుడు వినయభావం కలిగితే అది ఆ మనిషి సంస్కారం. దానిని వడ్రంగి ఉద్దేశంగా ప్రకటించనవసరం లేదు. మండువా సంగతి కొంత భిన్నమైనది. నాలుగు దిక్కుల నుండి లోపలికి వాలిన కప్పు వర్షాన్ని నడుమ ఉన్న పల్లపు చతురంలోనికి దించుతుంది, నీరు తూము ద్వారా వెలుపలికి పోతుంది, ఆ తెరపి గుండా గాలీ వెలుతురూ ప్రతి గదికీ చేరుతాయి. ఇది దృష్టఫలం. వాస్తుశాస్త్రం గృహానికి చెప్పిన ఎనభై ఒక్క పదాల మండలంలో నడిమి పదాలు బ్రహ్మకు చెందినవి. అక్కడ భారం మోపరాదన్నారు. దృష్టమూ అదృష్టమూ అక్కడ పరస్పరం విరోధించక కలిసి నిలిచినవి. ఏది దేనికో వేరుచేసి చెప్పగలగడం వివేకం. రెండింటినీ కలిపివేసి అంతా విజ్ఞానమే అనడం గాని, అంతా మూఢత్వమే అనడం గాని అవివేకం.

బోలుగా ధ్వనించే నేల విషయంలో ఈ వివేకం ప్రాణాలతో ముడిపడి ఉన్నది. వర్షాధారపు సేద్యం చేసే ప్రాంతాలలో జొన్నలను భూమిలో పాతర వేసి నిల్వ చేసేవారు. లోతైన గొయ్యి తీసి, గోడలకు గడ్డి పరచి, ధాన్యం నింపి, పైన మన్ను మెత్తి మూసేవారు. ధాన్యం ఊపిరి పీల్చినట్లే గాలిలోని ప్రాణవాయువును గ్రహించి బొగ్గుపులుసు గాలిని విడుస్తుంది. అందువలననే మూసిన పాతరలో పురుగు బ్రతకదు, అందువలననే మనిషీ బ్రతకడు. పూర్వం పాతర తెరిచినవారు కొంతకాలం గాలి ఆడనిచ్చి, దీపాన్ని దించి చూసి, అది ఆరకుండా ఉంటేనే దిగేవారు. ఆ దీపపరీక్ష కూడా అన్నివేళలా నమ్మదగినది కాదు. నిధి ఉన్నదనే భ్రాంతితో అర్ధరాత్రి పలుగు పట్టినవారు తెలియక మృత్యుముఖంలో దిగుతారు. ఒకవేళ నిజంగానే నిధి దొరికినా అది దొరికినంత మాత్రాన తవ్వినవారి సొంతం కాదు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ మించిన నిక్షేపాన్ని కలెక్టరుకు తెలియజేయవలసి ఉన్నది. లోభం మనిషిని రెండు విధాల పతనం చేయగలదని చెప్పడానికి పురాణకథ అవసరం లేదు, ఈ పాతర చాలును.

గడప కింది రాగి చెంబు

దృష్టఫలం ఎంత వెదకినా దొరకని వస్తువులు కూడా ఉన్నవి. గడప కిందనో, ఈశాన్యంలోనో దొరికే రాగి పాత్ర అట్టిది. తెరిచి చూస్తే చివికిన ధాన్యం, చిన్న చిన్న లోహపు ముక్కలు, రంగురాళ్ళు, పాతకాలపు నాణెం, ముద్దకట్టిన పసుపు గుడ్డ. చూసినవారి గుండె ఝల్లుమంటుంది. చేతబడి అనే మాట ఎవరో ఒకరు అంటారు. ఆపై శాంతికీ పరిహారానికీ వేలూ లక్షలూ అడిగేవారు తయారవుతారు.

నిజానికి ఆ సామగ్రి అంతా శుభసంకల్పానికి గుర్తు. శంకుస్థాపనలోనూ, ద్వారబంధం నిలిపే ముహూర్తంలోనూ నవధాన్యాలు, నవరత్నాలు, పంచలోహాలు భూమిలో ఉంచడం తెలుగునాట నేటికీ జరుగుతున్న ఆచారం. మయమతం వంటి శిల్పగ్రంథాలలో గర్భవిన్యాసమనే పేరిట దీనికి ప్రత్యేకమైన అధ్యాయమే కలదు. ఇంటి పునాది గర్భం వంటిది. అందులో బీజం ఉంచి గృహం జీవించాలని కోరుకొన్నారు. అంటే ఆ ఇంట పుట్టబోయేవారి క్షేమం కోరి ముత్తాత భూమిలో దాచిన ఆశీస్సును చూసి మునిమనుమడు శత్రువు పని అనుకొని వణుకుతున్నాడు. తాడును పామనుకొన్నవాని భయం నిజమైనదే, కారణం మాత్రం అసత్యం. ఆ భయాన్ని పోగొట్టేది పూజావ్యయం కాదు, వెలుతురు. అదే ఊరిలో గృహప్రవేశాలు చేయించే ఒక వృద్ధ పురోహితుని అడిగితే క్షణంలో తేలిపోయే సంగతి అది. ఆప్తవాక్యాన్ని శబ్దప్రమాణమన్నారు. విషయాన్ని యథార్థంగా ఎరిగి, లాభాపేక్ష లేకుండా చెప్పేవాడే ఆప్తుడు. పరిహారం అమ్మేవాడు ఆ లక్షణంలోనికి రాడు.

గోడమీది పసుపు

కొన్ని చిహ్నాల వెనుక ఉపయోగమూ లేదు, శాస్త్రవిధీ లేదు. ఒక మనిషి ఉన్నది. పడమటింటి గోడకు పసుపు పూసి కుంకుమ పెట్టిన చోటు చాలా ఇళ్ళలో పేరంటాలి స్థానం. ఆ వంశంలో ఐదవతనంతో వెళ్ళిపోయిన ఒక స్త్రీని, ప్రసవంలోనో, జ్వరంతోనో చిన్న వయసులోనే కన్నుమూసిన కోడలినో ఆడపడుచునో ఇంటి దేవతగా తలుచుకొని, పెళ్ళిళ్ళకు ముందు ఆమెకు చీర, పసుపు కుంకుమలు సమర్పించి, తరువాతనే శుభకార్యం ఆరంభించే కుటుంబాలు తెలుగునాట అనేకం. ఆ చీర మడిచి ఉంచిన పెట్టె ఒకటి అటక మీద ఉండవచ్చును. ఆమె పేరు ఏ దస్తావేజులోనూ ఉండదు. చిత్రపటం ఉండదు. గోడమీది ఆ పసుపు పూతే ఆమె ఉనికికి ఏకైక ఆధారం.

ఇంటికి సున్నం వేయించేటప్పుడు మేస్త్రీ ఆ మరకను గీకివేస్తే గోడ శుభ్రమవుతుంది. ఆ కుటుంబపు స్మృతిలో నుండి ఒక స్త్రీ రెండవసారి వెళ్ళిపోతుంది. పితృఋణమనే భావన పురుషనామాలతో మూడు తరాల తర్పణానికే పరిమితమని అనుకొనేవారు ఈ గోడ ముందు క్షణకాలం నిలబడవలసి ఉన్నది. శాస్త్రం విడిచిన చోట ఇంటి స్త్రీలు ఒక విధిని తామే ఏర్పరచుకొని, నోటిమాటగా తరువాతి తరానికి అందించారు. ఆ నోటిమాట తెగిపోయిన రోజున మిగిలేది మరక మాత్రమే. కనుక పూర్వగృహంలో అన్నిటికంటె ముందు అడిగి తెలుసుకోవలసినది దీని గురించే. ఉపయోగపు వస్తువు ఇప్పుడు తెలియకున్నా రేపు మరొకరు ఊహించగలరు. మనిషి పేరును ఎవరూ ఊహించలేరు.

కీర్తించదగనివి

ప్రమాణాన్ని ఆశ్రయించినవారు అది ఎక్కడికి తీసుకుపోయినా అంగీకరించవలసి ఉంటుంది. పెరటి చివర విడిగా కట్టిన, గాలి చొరని చిన్న గది కనిపిస్తుంది. బహిష్టు సమయంలోనూ పురిటిలోనూ స్త్రీలను ఉంచిన చోటు అది. నూతి గట్టుకు దూరంగా, ప్రహరీ అంచున ఒక రాతి తొట్టి ఉంటుంది. నూతిని తాకనివ్వని శ్రామికులకు పైనుండి నీరు పోసిన గుర్తుగా కొన్ని ఊళ్ళలో వృద్ధులు దానిని చూపిస్తారు. మడి బట్టలు ఆరవేసే దండెం చేతికి అందని ఎత్తున ఉండడంలో శుచి విషయమైన నిష్ఠ ఉన్నది. అదే నిష్ఠ నూతి దగ్గర సాటి మనిషికి దాహమై నిలిచినది. ఒకదానిని చూపించి రెండవదానిని దాచడం సత్యం కాదు.

ఈ నిష్పక్షపాతం ఆధునికుల వద్ద అరువు తెచ్చుకొన్నది కాదు. శబరస్వామి మీమాంసాభాష్యంలో ఔదుంబర స్తంభం ప్రస్తావన వస్తుంది. యాగశాలలోని ఆ మేడికొమ్మను పూర్తిగా వస్త్రంతో చుట్టాలని ఒక స్మృతి చెబుతున్నది. దానిని తాకుతూ గానం చేయాలని శ్రుతి చెబుతున్నది. పూర్తిగా చుట్టితే తాకడం కుదరదు. మరి ఆ స్మృతి ఎక్కడి నుండి వచ్చినది? వస్త్రం తమకు దక్కుతుందనే లోభంతో ఎవరో ఆ ఆచారాన్ని మొదలుపెట్టి ఉంటారని శబరుడు నిస్సంకోచంగా వ్రాశాడు. వేదప్రామాణ్యాన్ని నిలపడానికే గ్రంథం వ్రాసినవాడు ఒక పాత ఆచారం వెనుక మానవలోభాన్ని చూడడానికి వెనుదీయలేదు. పూర్వాచారమైనంత మాత్రాన ధర్మం కాదనే మాట ఆ సంప్రదాయం లోపలిదే. ఆ రాతి తొట్టిని పగులగొట్టనవసరం లేదు. దాని కథను పిల్లలకు ఉన్నది ఉన్నట్లు చెప్పడమే దానికి తగిన ప్రాయశ్చిత్తం.

అటక మీది తాటాకులు

తెలియని వస్తువును తొందరపడి పారవేయరాదనడానికి తాళపత్రాల చరిత్ర ఒక్కటి చాలును. 1905లో తంజావూరు ప్రాంతానికి చెందిన ఒక పండితుడు మైసూరు ప్రాచ్యగ్రంథాలయానికి ఒక తాటాకుల ప్రతిని అందజేశాడు. అక్కడి గ్రంథపాలకుడు ఆర్. శ్యామశాస్త్రి దానిని పరిశీలించి 1909లో ప్రకటించాడు. అది కౌటిల్యుని అర్థశాస్త్రం. అంతవరకు ఇతర గ్రంథాలలో ప్రస్తావనలుగా మాత్రమే తెలిసిన ఆ శాస్త్రం అలా లోకానికి తిరిగి దక్కింది. ఆ ప్రతి ఒక ఇంటివారి చేతిలో నిలిచి ఉండకపోతే, భోగిమంటలో పడి ఉంటే, దానిని ఎవరు తిరిగి వ్రాయగలరు?

అటక మీది కట్టలలో ప్రతిదీ అట్టిది కాదు. అనేకం పంచాంగ గణితాలు, వైద్యపు చిట్కాలు, ప్రసిద్ధ కావ్యాల ప్రతులు, అప్పుల లెక్కలు. అయినా ఏది ఏదో చదివినవారు చెప్పేవరకు తెలియదు. చదవలేనిదానిని విలువలేనిదని నిర్ణయించే అధికారం చదవనివానికి లేదు. తిరుపతి వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు ప్రాచ్యపరిశోధన సంస్థ, రాజమహేంద్రవరపు గౌతమీ గ్రంథాలయం వంటి చోట్ల తాళపత్రాలు భద్రపరచబడి ఉన్నవి. పవిత్రమైన వస్తువును నదిలో కలపడం సద్భావనతో చేసే పనే అయినా, తాళపత్రాల విషయంలో అది జ్ఞాననాశనమే. ఇక జ్ఞాపకార్థమని పూర్వుల విగ్రహాలను విదేశాలకు తీసుకుపోదలచినవారు 1972 నాటి పురావస్తు చట్టాన్ని గమనించవలసి ఉన్నది. నూరేళ్ళు నిండిన కళాఖండాలనూ, డెబ్బై ఐదేళ్ళు నిండిన విలువైన వ్రాతప్రతులనూ వ్యక్తులు స్వయంగా దేశం దాటించడానికి అది అనుమతించదు.

నవద్వార పురం

ఈ విచారానికి అంతర్ముఖమైన పార్శ్వం ఒకటి కలదు. భగవద్గీత ఐదవ అధ్యాయంలో శరీరం తొమ్మిది ద్వారాల పురంగా చెప్పబడింది. జీవుడు కూడా తాను కట్టని ఇంటిలోనే ప్రవేశించినవాడు. కారణం తెలియని భయాలు, ఎప్పుడు పుట్టినవో తెలియని అభిరుచులు, అకారణంగా ఒకరిమీద కలిగే వాత్సల్యం ఈ ఇంటి గోడలమీది మరకలు. వీటిని శాస్త్రం వాసనలన్నది. సంస్కారాలను సాక్షాత్కరించుకొంటే పూర్వజన్మ జ్ఞానం కలుగుతుందని పతంజలి విభూతిపాదంలో చెప్పాడు. అంతటి సిద్ధి అందరికీ అందకపోవచ్చు. కాని తనలో కనిపించిన వికారాన్ని చూసి భయపడక, దానిని సమర్థించక, వెంటనే పెకలించబోక, ఇది ఎక్కడిది అని నిలిచి చూడగలగడం ప్రతి సాధకునికీ సాధ్యమే. పాత ఇంటిలో కొండీ ముందు నిలబడి నేర్చుకొన్న ఓర్పు ధ్యానంలోనూ పనికి వస్తుంది.

ఇక ఆచరణ విషయం. ఇంటిని అమ్మరాదని, కూల్చరాదని శాసించడం ధర్మం కాదు. కలప చెదలు తింటుంది, వారసుల జీవితాలు వేరొకచోట వేళ్ళూనినవి. గృహం కూడా అనిత్యమే. ప్రతిమకు ఉద్వాసన చెప్పే సంప్రదాయం ఉన్నట్లే ఇంటికీ ఉద్వాసన చెప్పవచ్చును. అయితే ఉద్వాసన చెప్పేవానికి తాను ఎవరిని సాగనంపుతున్నాడో తెలిసి ఉండాలి. విక్రయానికి ముందు ఒక్కరోజు ఆ ఇంట పుట్టి పెరిగిన వృద్ధురాలిని, పెద్దమ్మ అయినా మేనత్త అయినా, కుర్చీలో కూర్చోబెట్టి అయినా సరే ఆ లోగిలికి తీసుకురావాలి. పిల్లలు ఆమెను ఒక్కొక్క గది తిప్పి, అత్తయ్యా ఇది ఏమిటి, ఇది ఎందుకు అని అడగాలి. ఆమె చెప్పినది చెప్పినట్లు వ్రాసుకోవాలి. ఆమెకు తెలియనిదానికి ఎదురుగా తెలియదనే వ్రాయాలి, కథ కల్పించరాదు. పడమటింటి గోడ దగ్గరకు వచ్చినప్పుడు తొందరపెట్టక ఆమె మౌనాన్ని ఓర్చుకోవాలి. అక్కడ ఒక పేరు వినబడవచ్చు. ఆ పేరును కాగితం మీద వ్రాసి, ఆ రోజుకు ఆ మసిపట్టిన గూటిలో ఒక దీపం పెట్టి, ఆ తరువాత తాళం చేతులు మారినా దోషం లేదు.